ఒకే మనిషికి సి-పెప్టైడ్ ఒక ల్యాబులో 0.52, ఇంకో ల్యాబులో 1.9: ఏది నమ్మాలి?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు చెబుతానమ్మా, తప్పుంటే దిద్దండి. మీవారికి 34 ఏళ్లు, సన్నటి మనిషి. రెండేళ్ల క్రితం షుగర్ బయటపడింది, ఏడాదిగా ఇన్సులిన్ మీద ఉన్నారు. ఖమ్మంలో పరగడుపున సి-పెప్టైడ్ చేయిస్తే మిల్లీలీటరుకు 0.52 నానోగ్రాములు వచ్చింది, డాక్టరుగారు టైప్ 1, అంటే క్లోమంలో సొంత ఇన్సులిన్ దాదాపు ఆగిపోయే రకం, అన్నారు. మూడు వారాల తర్వాత హైదరాబాద్‌లో ఇంకో ల్యాబులో చేయిస్తే 1.9. అక్కడి డాక్టరుగారు "ఇది టైప్ 2 లాగే ఉంది, ఇన్సులిన్ తగ్గించి మాత్రలతో చూద్దాం" అన్నారు. ఏ ల్యాబ్ తప్పు చేసింది, ఎవరి మీద కంప్లయింట్ ఇవ్వాలి అని మీరు అడుగుతున్నారు.

నేను డాక్టర్ని కాను. ఇరవై రెండేళ్లుగా బయోకెమిస్ట్రీ ల్యాబులో ఈ పరీక్షలే చేస్తూ, చేయిస్తూ ఉన్నవాణ్ణి. మీరు పెట్టిన రెండు రిపోర్టులూ చూశాను. నాకైతే రెండు ల్యాబులూ తమ ట్యూబులో ఉన్నదే చెప్పాయనిపిస్తోంది. మీరు కంప్లయింట్ రాసే ముందు ఇది చదవండి. అంతవరకూ ఎవరేం చెప్పినా ఇన్సులిన్ మాత్రం మీ అంతట మీరు ఆపకండి. ఆయన నిజంగా టైప్ 1 అయితే ఆ ఆపడం ఐసీయూ దాకా తీసుకెళ్తుంది.

అసలు ఈ సి-పెప్టైడ్ ఏమిటో తెలిస్తే మిగతాదంతా తేలిక. క్లోమంలోని బీటా కణాలు ఇన్సులిన్‌ను నేరుగా తయారుచేయవు. ముందు 86 అమైనో ఆమ్లాల పొడవాటి గొలుసు ఒకటి అల్లుతాయి, దాని పేరు ప్రోఇన్సులిన్. జాకెట్ కుట్టే దర్జీ ముందు కచ్చాకుట్టు వేసి, అసలు కుట్టు పడ్డాక ఆ దారం లాగేస్తాడు చూడండి, సరిగ్గా అలాంటి పనే ఇక్కడా జరుగుతుంది. ఇన్సులిన్ రెండు ముక్కలు సరైన చోట అతుక్కునేదాకా పట్టి ఉంచే దారమే సి-పెప్టైడ్. అతుకు పడ్డాక ఎంజైములు దాన్ని కత్తిరిస్తాయి. 51 అమైనో ఆమ్లాల ఇన్సులిన్ ఒకవైపు, 31 అమైనో ఆమ్లాల సి-పెప్టైడ్ ఇంకోవైపు తయారై, ఒకటికి ఒకటి లెక్కన రెండూ కలిసే రక్తంలోకి వస్తాయి. నేల మీద పడ్డ దారాలు లెక్కపెడితే దర్జీ ఎన్ని జాకెట్లు కుట్టాడో తెలిసిపోతుంది. బజారులో కొన్న రెడీమేడ్ జాకెట్‌కి ఆ నేల మీద దారం పడదు. మీవారు పొడుచుకునే ఇన్సులిన్ ఆ రెడీమేడ్ జాకెట్ లాంటిది, అందులో సి-పెప్టైడ్ ఉండదు. అందుకే ఇన్సులిన్ వాడుతున్నవాళ్లలో కూడా సొంత క్లోమం ఎంత పనిచేస్తోందో ఈ పరీక్ష చెప్పగలదు.

"నేరుగా ఇన్సులిన్‌నే కొలవచ్చు కదా" అని చాలామంది అడుగుతారు. కొలవచ్చు కానీ చిక్కులున్నాయి. క్లోమం నుంచి బయల్దేరిన ఇన్సులిన్‌లో దాదాపు సగాన్ని లివర్ దారిలోనే పట్టేసుకుంటుంది, చేతి నరంలోకి వచ్చేది మిగిలింది మాత్రమే. ఆ మిగిలినది కూడా నాలుగైదు నిమిషాల్లో సగమైపోతుంది. సి-పెప్టైడ్‌ను లివర్ పెద్దగా ముట్టుకోదు, అది సగం కావడానికి ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుతుంది. పైగా ఇంజెక్షన్ తీసుకునేవారిలో ఇన్సులిన్ కొలిస్తే, వచ్చిన అంకెలో ఆయనది ఎంత, సీసాలోది ఎంత అన్నది తేలదు. కొన్ని కిట్లు గ్లార్జిన్, లిస్‌ప్రో లాంటి కొత్తరకం ఇన్సులిన్లను గుర్తుపడతాయి, కొన్ని అసలు పట్టవు.

దీని వెనక ఒక ముచ్చట ఉంది, ఈ పరీక్ష చేసినప్పుడల్లా నాకు గుర్తొస్తుంది. 1950లలో న్యూయార్క్ బ్రాంక్స్‌లోని వెటరన్స్ ఆస్పత్రిలో సోలమన్ బెర్సన్, రోజలిన్ యాలో ఇన్సులిన్ వాడే రోగుల రక్తంలో దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు ఉన్నాయని కనిపెట్టారు. అప్పట్లో ఇన్సులిన్ పందులు, పశువుల క్లోమం నుంచి తీసేవారు. ఆ యాంటీబాడీలనే పనిముట్టుగా చేసుకుని రక్తంలో లవలేశమంత ఇన్సులిన్‌ను కూడా కొలిచే రేడియోఇమ్యునోఅస్సే తయారుచేశారు. 1977లో యాలోకి నోబెల్ వచ్చింది. బెర్సన్ 1972లోనే పోయారు కనుక ఆయనకు రాలేదు. తమాషా ఏమిటంటే, ఆ పద్ధతికి పుట్టుకనిచ్చిన యాంటీబాడీలే ఇన్సులిన్ వాడే రోగుల్లో ఆ పద్ధతికి అడ్డుపడ్డాయి. యాంటీబాడీలు నిండిన రక్తంలో ఇన్సులిన్ కొలత కుదరదు. 1967లో షికాగోలో డొనాల్డ్ స్టైనర్ ప్రోఇన్సులిన్‌ను బయటపెట్టాక దారి దొరికింది. ఇన్సులిన్ కాకపోతే దాని కచ్చాకుట్టు దారం కొలుద్దామన్నారు. అందులోనూ ఇబ్బందే. ఇన్సులిన్ పందికీ మనిషికీ ఒక్క అమైనో ఆమ్లమే తేడా, కానీ సి-పెప్టైడ్ జంతువుకీ జంతువుకీ బాగా మారిపోతుంది. పంది సి-పెప్టైడ్ మీద తయారైన యాంటీబాడీ మనిషిదాన్ని పట్టదు. పైగా ఈ పద్ధతిలో కొలవడానికి గుర్తుగా రేడియో అయోడిన్ తగిలించాలి, దానికి టైరోసిన్ అనే అమైనో ఆమ్లం కావాలి, మనిషి సి-పెప్టైడ్‌లో అది ఒక్కటి కూడా లేదు. చివరికి ఒక టైరోసిన్‌ను విడిగా తెచ్చి అతికించి పని నడిపారు.

ఇప్పుడు రేడియోయాక్టివ్ గొడవ లేదు. పెద్ద ల్యాబులన్నిటా వెలుగుతో కొలిచే యంత్రాలే. సూత్రం మాత్రం పట్టకారు లాంటిది. వేడిగిన్నెను పట్టకారు రెండు దవడలూ పట్టుకుంటేనే లేస్తుంది. ఇక్కడ ఒక యాంటీబాడీ సి-పెప్టైడ్‌ను ఒకవైపు, రెండోది ఇంకోవైపు పట్టుకుంటాయి. ఒకదానికి అయస్కాంతపు పూస, ఇంకోదానికి వెలుగు ఇచ్చే పదార్థం తగిలించి ఉంటాయి. కడిగేశాక పూసల మీద ఎంత వెలుగు మిగిలితే అంత సి-పెప్టైడ్ ఉన్నట్టు. దీన్నే మేం సాండ్‌విచ్ అస్సే అంటాం. వెలుగు పెరిగితే అంకె పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కింద దీంతో పనుంది.

ఇక మీ రిపోర్టులు. నేను ముందు చూసింది సి-పెప్టైడ్ అంకెను కాదు, దాని పక్కన ఉన్న షుగర్‌ను. ఖమ్మంలో రక్తమిచ్చిన పొద్దున షుగర్ 68. ముందురోజు రాత్రి సరిగ్గా తినలేదని, రాత్రి ఇన్సులిన్ మాత్రం వేసుకున్నారని మీరే రాశారు. హైదరాబాద్‌లో టిఫిన్ చేసిన రెండు గంటలకు ఇచ్చారు, షుగర్ 212. అసలు తేడా ఇక్కడే ఉందమ్మా. షుగర్ 68 ఉన్నప్పుడు ఆరోగ్యంగా ఉన్న క్లోమం కూడా ఇన్సులిన్ పోయడం దాదాపు ఆపేస్తుంది. బయటి నుంచి వేసిన ఇన్సులిన్ కూడా దాన్ని నిద్రపుచ్చుతుంది. గిరాకీ లేని పూట షట్టర్ దించుకున్న దర్జీ కొట్టుకి వెళ్లి, దారాలు లేవు కాబట్టి ఈయనకు కుట్టడమే రాదు అని తేల్చినట్టుంది మొదటి రిపోర్టును చదివిన తీరు.

అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ మార్గదర్శకాల్లో ఈ సంగతి స్పష్టంగానే ఉంది. ఇన్సులిన్ వాడేవారిలో భోజనం చేసిన ఐదు గంటల లోపు తీసిన మామూలు శాంపిల్ చాలు, పక్కన షుగర్ కూడా చూడాలి. లీటరుకు 600 పికోమోల్స్ దాటితే టైప్ 2 వైపు మొగ్గు, 200 లోపు ఉంటే టైప్ 1 వైపు, మధ్యలో ఉంటే ఏదీ చెప్పలేం. కానీ 600 కంటే తక్కువ వచ్చినప్పుడు ఆ వేళకి షుగర్ 70 లోపు ఉన్నా, మనిషి పరగడుపున ఉన్నా పరీక్ష మళ్లీ చేయాలంటారు. సి-పెప్టైడే 80 పికోమోల్స్ లోపు వస్తే మాత్రం మళ్లీ అక్కర్లేదు, అంత తక్కువ అనుమానానికి తావివ్వదు. షుగర్ బాగా పెరిగి ఎమర్జెన్సీలో చేరినవారికి రెండు వారాలదాకా ఈ పరీక్ష చేయొద్దనీ అంటారు. మితిమీరిన షుగర్ బీటా కణాలను కొన్నాళ్లు మూగబోయేలా చేస్తుంది.

లెక్క మార్చుకోవడం ఇలాగ: నానోగ్రామ్ అంకెను 331తో గుణిస్తే పికోమోల్స్ వస్తాయి. మీవారి 0.52 అంటే దాదాపు 172. 1.9 అంటే 629. లండన్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న బంధువు రిపోర్టు పక్కన పెట్టుకుని "వాళ్లకు 450, మాకు 1.4" అని కంగారుపడేవాళ్లను చూశాను. రెండూ ఇంచుమించు ఒకటే. యూనిట్ చూడకుండా అంకెలు పోల్చకండి.

అలా చూస్తే మొదటి రిపోర్టు మీద టైప్ 1 అని ముద్ర వేయకూడదు. మరి రెండోది చూసి టైప్ 2 అనొచ్చా? నాకు అదీ తొందరపాటే అనిపిస్తోంది. 629 అంటే గీత దాటింది బొటాబొటిగా. పైగా షుగర్ బయటపడి రెండేళ్లే అయింది. పెద్దయ్యాక మొదలయ్యే టైప్ 1లో క్లోమం ఒక్కరోజులో ఆరిపోదు, కొన్నేళ్లపాటు కొద్దికొద్దిగా పనిచేస్తూనే ఉంటుంది. ఆ కాలంలో సి-పెప్టైడ్ బాగానే కనిపిస్తుంది. అందుకే ఈ పరీక్ష తీర్పు చెప్పేది ఎక్కువగా మూడేళ్లు దాటాక. అంతకుముందు, 34 ఏళ్ల సన్నటి మనిషిలో, ముందు చూడాల్సింది యాంటీబాడీలు, అంటే శరీరం తన బీటా కణాల మీదే దాడిచేస్తోందని చూపే గుర్తులు. జీఏడీ మొదట, అది నెగెటివ్ వస్తే ఐఏ-2, జింక్ ట్రాన్స్‌పోర్టర్ 8. మీ ఫైల్లో ఇవేవీ కనబడలేదు.

సరే, షుగర్ తేడాతో కథ అయిపోయిందనుకున్నాను. తర్వాత మీరు రాసిన మందుల జాబితా చివర ఒక ముక్క కనబడింది: "జుట్టు రాలుతోందని బయోటిన్ 10 ఎం.జి. వాడారు, ఆ స్ట్రిప్ అయిపోయాక మళ్లీ కొనలేదు." ఖమ్మం పరీక్ష నాటికి వాడుతున్నారు, హైదరాబాద్ నాటికి లేదు. అంతేనా?

బయోటిన్ అంటే ఒక బి విటమిన్, దీని సంగతి చెప్పాలి. ఇందాక చెప్పిన పట్టకారులో ఒక దవడను పూసకు అతికించడానికి చాలా కంపెనీలు బయోటిన్, స్ట్రెప్టావిడిన్ అనే జంటను వాడతాయి. ఒకదాన్నొకటి వదలకుండా పట్టుకునే జంట అది. కిట్‌లోనే బయోటిన్ ఉంటుంది. మీవారి రక్తంలో మాత్ర నుంచి వచ్చిన బయోటిన్ ఎక్కువగా తేలుతుంటే అదే ముందు వెళ్లి పూసల మీద చోటంతా ఆక్రమిస్తుంది. పట్టకారుకు చోటుండదు, కడిగినప్పుడు కొట్టుకుపోతుంది, వెలుగు తగ్గుతుంది, అంకె తగ్గిపోతుంది. రక్తంలో సి-పెప్టైడ్ ఉన్నా లేనట్టు చూపిస్తుంది. మనిషికి రోజుకు కావాల్సిన బయోటిన్ 30, 40 మైక్రోగ్రాములు. 10 ఎం.జి. అంటే దానికి కొన్ని వందల రెట్లు. 2017 నవంబరులో అమెరికా ఎఫ్‌డీఏ దీని మీద హెచ్చరిక జారీచేసింది. గుండెపోటు పరీక్ష ట్రోపోనిన్ ఇలాగే తప్పుగా తక్కువ చూపించి ఒక ప్రాణం పోయిందని అందులో ఉంది.

మా ల్యాబులోనే ఒక కాలేజీ అమ్మాయికి థైరాయిడ్ రిపోర్టు చూసి అందరం హడలిపోయాం. టీఎస్‌హెచ్ అడుగంటింది, టీ4 ఆకాశంలో ఉంది, అంటే థైరాయిడ్ విపరీతంగా పనిచేస్తున్నట్టు. మనిషేమో నిమ్మళంగా కూర్చుని ఫోన్ చూసుకుంటోంది, గుండె దడ లేదు, చేతి వణుకు లేదు. జుట్టు మాత్ర సంగతి వాళ్లమ్మ చెప్పింది. మూడు రోజులు ఆపి చేస్తే అంతా మామూలే. సాండ్‌విచ్ పరీక్షల్లో తక్కువగా, టీ4 లాంటి పోటీ పద్ధతి పరీక్షల్లో (వాటిలో వెలుగు తగ్గితే అంకె పెరుగుతుంది) ఎక్కువగా చూపించడం దీని వాటం.

మీ ఖమ్మం రిపోర్టులో మెథడ్ దగ్గర ఈ.సి.ఎల్.ఐ.ఎ. అని ఉంది. ఆ యంత్రాలు ఈ జంటనే వాడతాయి. హైదరాబాద్‌ది సి.ఎం.ఐ.ఎ., ఆ రకంలో సాధారణంగా ఈ జంట ఉండదు. అయితే ఈమధ్య వస్తున్న కిట్లను బయోటిన్‌ను బాగా తట్టుకునేలా మార్చారు, మీవారికి వాడింది పాతదో కొత్తదో ల్యాబువాళ్లే చెప్పాలి. ఇంకోమాట, మాత్ర వేసుకున్న కొన్ని గంటల్లో తీసిన రక్తానికే ముప్పు ఎక్కువ. ఆయన రాత్రి వేసుకుని ఉంటే పొద్దుటికి చాలావరకు దిగిపోతుంది. కాబట్టి నా లెక్కలో పెద్ద నేరస్థుడు ఆ 68 షుగరే, బయోటిన్ ఏమైనా ఉంటే తోడుదొంగ.

మూడోది, కిట్‌కీ కిట్‌కీ తేడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ సి-పెప్టైడ్‌కు ప్రామాణిక పదార్థం ఇచ్చింది, అయినా ఒకే శాంపిల్‌ను నాలుగు కంపెనీల యంత్రాల్లో పెడితే నాలుగు అంకెలు వస్తాయి. ఒక యాంటీబాడీ ప్రోఇన్సులిన్‌ను కూడా కాస్త పట్టేస్తుంది, ఇంకోటి పట్టదు. మీ రిపోర్టుల్లో నార్మల్ రేంజ్ కూడా వేర్వేరుగా ఉండటానికి కారణం ఇదే. ఆ రేంజ్ గురించి కూడా ఒక మాట. అది ఆరోగ్యంగా ఉన్నవాళ్లు పరగడుపున ఉన్నప్పటి లెక్క. దాని పక్కన పడే "హెచ్", "ఎల్" గుర్తులు మీవారి విషయంలో దాదాపు పనికిరావు. షుగర్ 250 ఉన్న మనిషికి సి-పెప్టైడ్ 1.2 వస్తే రిపోర్టులో నార్మల్ అనే ఉంటుంది. కానీ అంత షుగర్ ఉన్నా క్లోమం అంతకంటే పోయలేకపోతోందంటే అది నార్మల్ కాదు.

శాంపిల్ ప్రయాణం గురించి నా అనుభవం చెబుతాను. కొన్నేళ్ల క్రితం ఒక వేసవిలో మాకు వరుసగా సి-పెప్టైడ్లు తక్కువ వస్తున్నాయి. క్యూసీ (యంత్రం సరిగా కొలుస్తోందో లేదో చూసే పరీక్ష) బాగుంది, కాలిబ్రేషన్ బాగుంది, కిట్ మార్చినా అంతే. నాలుగో రోజు రిజిస్టర్ ముందేసుకుని కూర్చుంటే తెలిసింది, తక్కువ వచ్చినవన్నీ ఒకే కలెక్షన్ సెంటర్ నుంచి. వెళ్లి చూస్తే పొద్దున తీసిన జెల్ ట్యూబులు, సీరమ్ విడిపోయేలా సెంట్రిఫ్యూజ్ యంత్రంలో తిప్పకుండానే, సాయంత్రం బండి వచ్చేదాకా కౌంటర్ మీద ఉన్నాయి, ఐస్ ప్యాకులేమో ఫ్రీజర్‌లో చల్లగా పడుకుని ఉన్నాయి. సీరమ్ ట్యూబును సెంట్రిఫ్యూజ్ చేయకుండా వేడిలో వదిలేస్తే సి-పెప్టైడ్ కరిగిపోతుంది. ఊదా మూత ఈడీటీఏ ట్యూబులో అయితే మామూలు గది వేడిలో 24 గంటలు నిలుస్తుందని బ్రిటన్‌లోని ఎక్సెటర్ బృందం చూపించింది. మీరు రక్తమిచ్చిన చోటే యంత్రం ఉందో, అక్కణ్ణించి ఇంకెక్కడికో పంపారో కూడా అడగండి.

మళ్లీ చేయించేటప్పుడు ఇలా చేయండి. బయోటిన్ ఉన్న ఏ మాత్రా మూడు రోజుల ముందు నుంచి వద్దు. మల్టీవిటమిన్ల స్ట్రిప్ వెనక కూడా చదవండి. పరగడుపున వెళ్లొద్దు, రోజూ తినే టిఫిన్ తిని గంటన్నర, రెండు గంటలకు ఇవ్వండి. ఆ పూట ఇన్సులిన్ వేసుకోవాలా, ఎంత వేసుకోవాలి అన్నది డాక్టరుగారిని అడిగే చేయండి. సి-పెప్టైడ్, షుగర్, క్రియాటినిన్ ఒకే పోటుకు తీయించండి. క్రియాటినిన్ ఎందుకంటే సి-పెప్టైడ్‌ను బయటకు పంపడంలో కిడ్నీలదే పెద్ద పాత్ర. కిడ్నీలు దెబ్బతింటే క్లోమం పోయకపోయినా అంకె పెరిగి కనిపిస్తుంది. జీఏడీ కూడా అదే రోజు ఇచ్చేయండి. ఇకముందు ఎప్పుడు చేయించినా అదే ల్యాబు, అదే మెథడ్.

ఇంకొకటి అడగాలి. మీవారికి చిన్నప్పటి నుంచి పైకడుపులో నొప్పి వచ్చిపోతూ ఉండేదా? విరేచనం జిడ్డుగా నీళ్ల మీద తేలేదా? క్లోమంలో రాళ్లు పడి వచ్చే షుగర్ దక్షిణ భారతంలో, ముఖ్యంగా కేరళ, తమిళనాడుల్లో, చాలాకాలంగా డాక్టర్లు చూస్తున్నదే. వాళ్లు సన్నగా ఉంటారు, ఇన్సులిన్ అవసరమవుతుంది, సి-పెప్టైడ్ అటూ ఇటూ కాకుండా మధ్యలో ఊగుతుంది, కానీ యాంటీబాడీలు ఉండవు. ఒక ఎక్స్‌రే లేదా స్కానింగ్‌తో తేలిపోతుంది.

మీ ప్రశ్న కిందే ఇంకొకాయన, షుగర్ జబ్బు లేని తన తల్లికి షుగర్ 45కి పడిపోతోందనీ, సి-పెప్టైడ్ 2.8 నార్మల్ అన్నారనీ రాశారు. మీ విషయంలో చెప్పినదానికి ఇది తిరగేసిన కథ, సారూ. షుగర్ 55 లోపు ఉన్నప్పుడు సి-పెప్టైడ్ 0.6 కూడా ఉండకూడదు. అదే సమయంలో తీసిన శాంపిల్‌లో 2.8 ఉంటే అది నార్మల్ కాదు, ఆమె శరీరమే ఆపకుండా ఇన్సులిన్ పోస్తోందని. ఇంట్లో మరొకరి షుగర్ మాత్ర పొరపాటున వేసుకున్నా ఇలాగే కనిపిస్తుంది, ముందు ఆ డబ్బాలు వెతకండి. కాళ్ల తిమ్మిర్లకు ఆల్ఫా లిపోయిక్ యాసిడ్ గానీ, థైరాయిడ్‌కు కార్బిమజోల్ గానీ వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. వాటివల్ల ఇన్సులిన్ మీద యాంటీబాడీలు పుట్టి షుగర్ పడిపోయే జబ్బు ఒకటి ఉంది, 1970లో జపాన్‌లో హిరాటా మొదట చెప్పారు. అది తెలియక క్లోమంలో ఇన్సులిన్ పోసే గడ్డ ఉందేమోనని వెతుకుతూ ఆపరేషన్ దాకా వెళ్లకూడదు.

అమ్మా, కొత్త రిపోర్టులు వచ్చాక షుగర్, క్రియాటినిన్, మెథడ్ పేరు కనబడేలా ఫోటో తీసి ఇక్కడే పెట్టండి. ఆ జుట్టు మాత్ర ఖమ్మం వెళ్లిన రోజు పొద్దున వేసుకున్నారా, ముందురోజు రాత్రి వేసుకున్నారా అన్నది మీవారిని అడిగి రాయండి.